హౌజు అడుగున పువ్వు

నాకు ముప్ఫై నిండిన ఏడాది నా గొంతు పోయింది. ఒక్కరోజులో పోలేదు. సికింద్రాబాద్‌లో ఒక బడిలో మూడో తరగతికి పాఠాలు చెప్పేదాన్ని. గదినిండా పిల్లలు, కిటికీ అవతల రోడ్డు. రోడ్డు మీద హారన్ మోగితే నేను ఇంకాస్త గట్టిగా చెప్పేదాన్ని. ఆదివారాలు చర్చిలో పాడేదాన్ని. జనవరి అంతా గొంతు బొంగురుగానే ఉంది. ఫిబ్రవరిలో ఒక పొద్దున ఏడో ఎక్కం చెప్పిస్తూ ఉండగా, మధ్యలో నా నోట్లోంచి మాటకి బదులు గాలి వచ్చింది. పిల్లలు ముందు నవ్వారు. మళ్ళీ నోరు తెరిచాను. మళ్ళీ గాలే. అప్పుడు నవ్వడం మానేసి నన్నే చూస్తూ కూర్చున్నారు.

గొంతులో చిన్న చిన్న కాయల్లాంటివి వచ్చాయన్నాడు డాక్టరు. "మూడు నెలలు మాట్లాడకండి. కోస్తే పోతాయేమో, ఊరుకున్నా పోతాయేమో. ముందు ఊరుకుని చూద్దాం. గుసగుసలు అసలు వద్దు, అవి ఇంకా చెరుపు," అన్నాడు.

మా ఆయన ఇంటికి వస్తూ దారిలో ఒక పలక, బలపాల డబ్బా కొన్నారు. బడిలో పిల్లల చేత పలక దిద్దించినదాన్ని, ఇప్పుడు నా చేతికే పలక వచ్చింది.

అప్పుడు మేము మారేడ్‌పల్లిలో ఒక పాత ఇంటి వెనక వాటాలో అద్దెకుండేవాళ్ళం. పెళ్ళయి రెండేళ్ళు. కోస్తా నుంచి ఉద్యోగాల కోసం వచ్చినవాళ్ళం. మా ఆయన తొమ్మిదింటికి ఆఫీసుకి వెళితే మళ్ళీ సాయంత్రమే. ముందు వాటాలో ఇంటావిడ ఒక్కతే ఉండేది. వీధిలో అందరూ ఆమెని ఖాలా అనేవారు, పిన్ని అన్నట్టు. మేమూ అలాగే అనేవాళ్ళం. మా ఆయన మాత్రం మర్యాద కోసం 'ఖాలాగారూ' అని పిలిచేవారు. ఆవిడ నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. పుట్టిల్లు జనగామ వైపు. తెలుగు పుట్టుకతోనే వచ్చింది గానీ అక్షరాలు రాలేదు. చదవడం ఉర్దూ ఒక్కటే వచ్చు. కాబట్టి నా పలక ఆవిడ దగ్గర పనికిరాలేదు. మొదటిరోజు 'గొంతు బాగాలేదు' అని రాసి చూపిస్తే, పలకని అటూ ఇటూ తిప్పి చూసి, నా గొంతు మీద వేళ్ళు ఆనించి, "మీ ఆయన చెప్పిండు లే బిడ్డా. నోరు లేకపోతే ఏమాయె, చెవులున్నయ్ గదా. కూసో," అంది.

అలా మధ్యాహ్నాలు ఆవిడ వరండాలో కూర్చోవడం మొదలైంది. ఆవిడ మాట్లాడేది, నేను తలాడించేదాన్ని. "నీతోని మాట్లాడుడు మస్తుగుంటది. మధ్యల అడ్డం రావు," అనేది.

వరండా ముందు చిన్న తోట. కరివేపాకు చెట్టు, రెండు మల్లె పొదలు, గోడ వారగా గోరింట. మధ్యలో గుండ్రటి సిమెంటు హౌజు, అంటే నీళ్ళ తొట్టి. మోకాలి లోతు, నిలబడి చేతులు చాపితే ఈ అంచు నుంచి ఆ అంచుకి వచ్చేంత వెడల్పు. మధ్యలో ఒక ఇత్తడి గొట్టం. ఒకప్పుడు మేడమీది ట్యాంకు నిండినప్పుడు దానిలోంచి జానెడు ఎత్తు నీళ్ళు చిమ్మేవట. అది ఎప్పుడో పూడిపోయింది. ఇప్పుడు హౌజు నిండా ఆకుపచ్చే. గోడలకి పట్టి, జుట్టులా పెరిగి, పైన తెట్టులా తేలుతూ ఉండేది. మా వైపు నాచు అంటాం, ఆవిడ పాశి అనేది. ఆ పచ్చదనంలో ఐదు ఎర్ర చేపలు ఉండీ లేనట్టు కనిపించేవి. ఒక తోక, కాసేపటికి ఒక మూతి, అంతే.

"మా ఆయన కట్టిండు," అంది ఒకనాడు. ఆయన మొజాయిక్ నేలల మేస్త్రి. పోయి రెండేళ్ళయింది. "అడుగున పువ్వేసిండు. ఎనిమిది రేకలు. నీళ్ళు సాఫ్‌గుంటే పైకెల్లి కనవడుతుండె. ఇప్పుడు నాకు సుత యాదికి లేదు, ఏ రేక ఏ రంగో."

ఆ పువ్వుని చూడాలనిపించింది నాకు. ఎందుకంత గట్టిగా అనిపించిందో చెప్పలేను. మాట లేని మనిషికి రోజు చాలా పెద్దది. పొద్దున పాలవాడి గంట, స్టేషను వైపు నుంచి రైలు కూత, గోడవతల ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు అన్నీ ఇంతకుముందు కంటే దగ్గరగా వినపడేవి. నా గొంతు వదిలిన ఖాళీలోకి అవన్నీ వచ్చి కూర్చున్నట్టుండేది. మధ్యాహ్నం ఎండ హౌజు మీద పడి, దాని నీడలు వరండా కప్పు మీద కదులుతుంటే, నేను మెలకువగా ఉన్నానో కునుకు తీస్తున్నానో నాకే తెలిసేది కాదు. ఆ రోజుల్లో చేతులతో చేసే పని ఏదో ఒకటి ఉంటేనే నేను నేల మీద ఉన్నట్టు.

మార్చి మొదట్లో ఒక పొద్దున చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని హౌజులోకి దిగాను. చేపల్ని మగ్గుతో పట్టి బకెట్లో వేశాను. నీళ్ళన్నీ తోడి మల్లెలకి పోశాను. కొబ్బరి పీచుతో గోడలు రుద్దాను. ఖాలా వరండా మెట్టు మీద కూర్చుని "అక్కడ, ఆ పక్కకి," అని చూపిస్తూ ఉంది. అడుగున ఏళ్ళ తరబడి పేరుకున్న బురద గట్టిపడి, రాయిలా అంటుకుపోయింది. పువ్వు దొరకలేదు. గోడలు మాత్రం తెల్లబడ్డాయి. సాయంత్రానికి కొళాయి నీళ్ళు పట్టి నింపి, చేపల్ని తిరిగి వదిలాను.

వారం తిరిగేసరికి నీళ్ళు కషాయంలా పచ్చబడ్డాయి. మళ్ళీ దిగాను. ఈసారి ఐదురోజులకే పచ్చబడ్డాయి. ఎంత శుభ్రంగా కడిగితే అంత తొందరగా వస్తోంది. ఆ కొత్త నీళ్ళలోనే దానికి ఆకలి పుడుతున్నట్టు. పలక మీద 'మళ్ళీ వచ్చింది' అని రాసి మా ఆయనకి చూపించేదాన్ని. ఆయన బూట్లు విప్పుకుంటూ, "నాచుకి ఉద్యోగం లేదు, నీకూ లేదు. చూద్దాం ఎవరు గెలుస్తారో," అనేవారు.

ఏప్రిల్ వచ్చింది. కొళాయి రోజు విడిచి రోజు, అదీ ఒక గంట. "ఇగ హౌజు ఖాళీ చేసుడు వద్దు బిడ్డా, తాగనీకే నీళ్ళు లేవు," అంది ఖాలా. ఆవిడ చెప్పింది నిజమే. కానీ నేను ఆగలేకపోయాను. ఇంట్లో ఒక పాలపొడి డబ్బాలో బ్లీచింగ్ పౌడరు ఉండేది, మురిక్కాలవలో చల్లడానికి. మేడమీది ట్యాంకులో కూడా అది కొంచెం వేస్తారని తెలుసు. తాగే నీళ్ళలో వేసేది చేపల్ని ఏం చేస్తుందిలే అనుకున్నాను. ఒక సాయంత్రం ఖాలా లోపల నమాజులో ఉండగా ఒక గుప్పెడు తీసి నీళ్ళలో చల్లాను. చాలదేమో అనిపించి ఇంకో గుప్పెడు. చేపల్ని బకెట్లోకి తీయాలని తోచకపోలేదు. ఆరోజు నడుము నొప్పిగా ఉంది, బద్ధకించాను. ఉన్నమాట అదే.

తెల్లవారి నేను వెళ్ళేసరికి ఖాలా అప్పటికే హౌజు దగ్గర కూర్చుని ఉంది.

నీళ్ళు తేటబడ్డాయి. నాచు పాలిపోయి పీలికల్లా కిందికి దిగిపోయింది. అన్నిసార్లు రుద్దినందుకు బురద సగం వదిలిందేమో, అడుగున మొదటిసారి పువ్వు కనిపించింది. పూర్తిగా కాదు, మూడు రేకులు. ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు, ఒకటి మసక నలుపు. వాటి మీద, నీటి పైన, ఐదు చేపలూ పక్కకి ఒరిగి తేలుతున్నాయి. గాలికి నీళ్ళు కదిలినప్పుడల్లా కదులుతున్నాయి. ఆ పొద్దుటి వెలుతురులో ఎంతో అందంగా ఉంది ఆ దృశ్యం. అందంగా ఉందని అనిపించినందుకు ఇప్పటికీ నాకు సిగ్గే.

"నిన్న అన్నం ఎక్కువేసిన," అంది ఖాలా నా వైపు చూడకుండా. "ఎప్పుడూ ఇన్ని మెతుకులే ఎయ్యాలె అనేటోడు ఆయన. నిన్న గిన్నె అడుగుది అంత ఏసిన. నా చెయ్యే చంపింది."

నేను తల అడ్డంగా ఊపాను. నేను ఓదారుస్తున్నానని అనుకుంది ఆవిడ. నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ పట్టుకున్న ఆ చేతితోనే కదా చల్లాను. చెప్పలేకపోయాను. చెప్పడానికి నోరు లేదు, రాస్తే ఆవిడ చదవలేదు. ఇది నాకు ఎంత వీలుగా ఉందో ఆ క్షణంలోనే నాకు తెలిసింది. ఇద్దరం కరివేపాకు చెట్టు కింద గుంట తీసి చేపల్ని పూడ్చాం.

రెండురోజులు అలాగే గడిచాయి. ఆవిడ రోజూ మధ్యాహ్నం అదే మాట: "గంత అన్నం ఎందుకేసిన్నో." నేను తలాడించడం మానేశాను. సాయంత్రం మా ఆయనకి పలక మీద మొత్తం రాసి చూపించాను. రాసి, చెరిపి, మళ్ళీ రాసి, మూడు పలకలంత అయింది. ఆయన చదివి పలక పక్కన పెట్టారు. తర్వాత, "నేను వెళ్ళి చెప్పనా?" అన్నారు. వద్దని చెయ్యి ఊపాను.

మూడోనాడు ఆ డబ్బా తీసుకెళ్ళి ఖాలా ముందు పెట్టాను. మూత తీశాను. ఆ ఘాటు ఆవిడ ముక్కుకి తగిలి మొహం తిప్పుకుంది. నేను హౌజు వైపు చూపించాను. నా గుప్పెడు మూసి, తెరిచి, చల్లినట్టు చూపించాను. ఒకసారి. ఇంకోసారి.

"నువ్వేసినవా?"

తలూపాను.

ఆవిడ డబ్బా మూత పెట్టింది. నెమ్మదిగా, అంచులు నొక్కి మరీ పెట్టింది. "నోరు లేదు సరే. చెయ్యి ఉండె గదా బిడ్డా. గీ డబ్బా మొన్ననే తెస్తే అయిపోతుండె. రెండ్రోజులు నేను నా చెయ్యి చూసుకుంట కూసున్న," అంది. కోపంగా అనలేదు. లేచి లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

తర్వాత నాలుగు రోజులు ఆవిడ వరండాలోకి రాలేదు. ఎదురుపడినా పలకరించలేదు. ఆ ఇంట్లో ఇప్పుడు ఇద్దరం మాట్లాడనివాళ్ళం. అప్పుడు తెలిసింది నాకు, అన్ని రోజులూ నా మౌనం బరువెక్కకుండా మోసింది ఆవిడ మాటలేనని. మధ్యాహ్నాలు హౌజు పక్కన ఒక్కదాన్నే కూర్చునేదాన్ని. ఆకు రాలితే తీసేదాన్ని. అంతకంటే ఏం చెయ్యడానికీ చెయ్యి రాలేదు. ఎండ నీళ్ళలోకి దిగి, అడుగున రేకుల మీద వణికేది. పదిరోజులు కాకుండానే రేకుల మీద మళ్ళీ పచ్చటి నూగు కనిపించింది. అంత చేసినా అది చావలేదు. చచ్చినవి చేపలే.

గోడలు రుద్దేటప్పుడు కూర్చోవడానికని హౌజు మీద అడ్డంగా ఒక చెక్క పలక వేసుకున్నాను, మార్చిలో. దాన్ని తీయనే లేదు. ఒకరోజు చీమలు పట్టాయని ఆ పలక ఎత్తి పక్కన పెట్టాను. దాని కింద, ఆ పలక వెడల్పు మేర, గోడ శుభ్రంగా ఉంది. బూడిద రంగు సిమెంటు, గీత గీసినట్టు. ఆ గీతకి ఇటూ అటూ పచ్చదనం. చెయ్యి పెట్టి చూశాను. ఇటు జారుతోంది, మధ్యలో గరుకు, అటు జారుతోంది.

పరుగెత్తుకెళ్ళి ఖాలా తలుపు తట్టాను. ఆవిడ తీసింది. ఏమిటన్నట్టు చూసింది. నేను ఆవిడ మణికట్టు పట్టుకుని లాక్కొచ్చాను. ఆవిడ చెయ్యి తీసి గోడ మీద పెట్టి, ఇటు నుంచి అటు జరిపాను. చెక్క పలక ఎత్తి పైన పెట్టి చూపించాను. తీసి ఎండ చూపించాను.

ఖాలా కాసేపు ఆ గీతనే చూసింది. తర్వాత తలెత్తి ఖాళీ ఆకాశం చూసింది. "ఈడ బొప్పాయి చెట్టుండె," అంది మెల్లగా. "రెండు చెట్లు. ఆయన పోయిన ఏడు గాలివానకి పడ్డయ్. నీళ్ళు సాఫ్‌గుండేది ఆయన చేతి గుణం అనుకున్న ఇన్ని రోజులు. నీడ బిడ్డా. నీడ లేకపోయె." అని నా మొహం చూసి నవ్వింది. చేపలు చచ్చాక అదే మొదటి నవ్వు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ఆరోజు సాయంత్రం మా ఆయన రాగానే ఖాలాయే ఎదురెళ్ళి చెప్పింది. చెట్టు పెరిగేదాకా ఆగలేం. నీళ్ళ మీదే నీడ పెంచాలి. మా ఆయన ఆఫీసులో ఒకాయనది నేరేడ్‌మెట్. వాళ్ళ ఇంటి వెనక కుంటలో కలువలున్నాయట. ఆ ఆదివారం చర్చి అయ్యాక మా ఆయన స్కూటర్ మీద వెళ్ళారు. కాళ్ళ మధ్య బకెట్, బకెట్లో నల్ల బురద, ఆ బురదలో నాలుగు కలువ దుంపలు. ప్యాంటు మోకాళ్ళ దాకా తడిసిపోయి తిరిగొచ్చారు. "మారేడ్‌పల్లి మలుపులో ఒక దుంప నా ఒళ్ళోకొచ్చి కూర్చుంది," అన్నారు. ఖాలా నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

మోండా మార్కెట్ నుంచి తెచ్చిన మట్టి కుండీల్లో బంకమన్ను నింపి, దుంపలు గుచ్చి, పైన గులకరాళ్ళు పరిచి, పువ్వు మీదకి రాకుండా అంచుల వెంట దించాం. నీళ్ళు మార్చలేదు. ఎండకి తగ్గినంత మట్టుకు కలిపాం. అదీ బిందెతో పట్టి, మందు ఘాటు పోయేలా రెండు రోజులు నిలవుంచిన నీళ్ళే. జుట్టులా పెరిగిన నాచుని మాత్రం రోజూ పొద్దున ఒక పుల్లకి చుట్టి తీసేదాన్ని, నూలు చుట్టినట్టు. తీసినంత తీసి మల్లె మొదట్లో వేసేదాన్ని. ఖాలా ఆకులు ఏరేది. తొందర లేదు. తొందరపడి ఏం చేశానో నాకు తెలుసు.

వారం తర్వాత కలువ ఆకులు నీటి పైకి వచ్చాయి. ముందు రూపాయి బిళ్ళంత, ముడుచుకుని, ఎర్రగా. తర్వాత అరచేయంత. ఒకనాడు ఖాలా "చూడు, చూడు," అని వేలు చూపించింది. ఆకు కింద గోరంత చేపలు, నాలుగో ఐదో. నీటి రంగే వాటి రంగు. నేరేడ్‌మెట్ బురదతో కలిసి వచ్చి ఉంటాయి. అన్ని రోజులూ మాకు కనపడకుండా అక్కడే పెరిగాయి. ఖాలా లోపలికి వెళ్ళి అన్నం మెతుకులు తెచ్చింది. కొన్నే లెక్కపెట్టి వేసి, నా వైపు చూసి, మిగిలినవి కాకులకి విసిరింది.

మే చివరికి సగం నీరు ఆకుల కిందే ఉంది. పచ్చదనం ఒక్కసారిగా పోలేదు. ప్రతిరోజూ కొంచెం పలుచబడింది, ఎవరో నీళ్ళలో నీళ్ళు కలిపినట్టు. ఒక మధ్యాహ్నం నిద్ర పట్టీ పట్టని వేళ ఖాలా నన్ను తట్టి లేపింది. ఇద్దరం హౌజు అంచు మీద బోర్లా వంగి చూశాం. ఎనిమిది రేకులూ ఉన్నాయి. ఒక పక్క ఇంకా మసగ్గానే ఉన్నా, ఉన్నాయి. ఖాలా నీళ్ళని తాకకుండా వేలితో ఒక్కొక్క రేకునీ చూపిస్తూ పోయింది. అన్నీ ఆయన పనిచేసిన చోట మిగిలిన రాళ్ళే. తెల్లది ఒక డాక్టరు ఇంటిది. ఎర్రది సినిమా హాలు మెట్లది. పసుపుది ఒక సేఠ్ పూజగదిది. "నల్లది మీ చర్చిదే. వరండా మొత్తం ఆయనే ఏసిండు," అంది. నేను ప్రతి ఆదివారం చెప్పులు విడిచే నేల అది. ఆవిడ చెబుతూ ఉంటే ఆకు నీడలు పువ్వు మీదుగా జరిగాయి. చిన్న చేపలు రేకు మీంచి రేకు మీదకి, ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి వెళ్ళినట్టు వెళ్ళాయి. ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. లేచేసరికి మోచేతులకి సిమెంటు అంచు అచ్చు పడింది.

జూన్‌లో బడి తెరిచారు, నేను లేకుండానే. డాక్టరు ఇంకో నెల అన్నాడు. జూలైలో, సన్నటి వానలో, మళ్ళీ వెళితే గొంతులోకి అద్దం పెట్టి చూసి, "కాయలు కరిగాయి. మెల్లగా మొదలుపెట్టండి, రోజుకి నాలుగు మాటలు," అన్నాడు. మా ఆయనతో స్కూటర్ మీద ఇంటికి వచ్చేదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. నాలుగే మాటలు కదా, ఏవి వాడాలో తేల్చుకోలేకపోయాను.

ఖాలా గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏమన్నడు? మాట్లాడొచ్చా? ఏమన్న చెప్పు బిడ్డా, జెర వింట," అంది.

క్షమించమని అడగాలని ఏప్రిల్ నుంచి అనుకుంటున్నాను. నోరు తెరిస్తే ఆ మాట రాలేదు. "ఖాలా, దొండకాయ కూర చేశాను," అన్నాను. ఆ గొంతు నాది కాదు. ఒక మెట్టు కిందికి దిగిపోయి, గరుకుగా, ఎవరో పెద్దావిడ గొంతులా ఉంది.

"గా కూర వాసన నాకు పొద్దుగాలనే వచ్చింది," అంది ఖాలా. "గిన్నె నిండ పట్కరా. నేను రొట్టెలు చేస్తున్న."

వానకి తడవకుండా కొంగు కప్పుకుని నేను వెనక వాటాలోకి వెళ్ళి కూర తెచ్చాను. ముగ్గురం వరండాలో కూర్చుని తిన్నాం. ఆవిడే మాట్లాడింది. మాట్లాడగలిగీ నేను వింటూ కూర్చున్నాను. వాన చినుకులు కలువ ఆకుల మీద పడి, విడిగా, ఒక్కొక్కటిగా దొర్లి నీళ్ళలోకి పోతున్నాయి.